పత్తి కింద పిల్లలు

"జీపొచ్చింది! పిల్లల్ని దాయండే!"

మేస్త్రీ మస్తాన్‌రావు కేకకు నరసరావుపేట జిన్నింగు మిల్లులో ఆడవాళ్ళంతా లేచారు. ముక్కుపొడుం డబ్బా కనపడక అతను పొద్దుటినుంచీ అందరినీ తిడుతూనే ఉన్నాడు. ఇప్పుడు గుంటూరునుంచి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు కూడా దిగాడు.

పద్నాలుగేళ్ళు నిండని పిల్లలు మిల్లులో ఉండకూడదని చట్టం వచ్చి పదేళ్ళు దాటింది. సగం కూలికి పిల్లని కూడా తెచ్చినదానికే పని అన్నది మేస్త్రీ చట్టం.

గోడౌనులో నలుగురు పిల్లలు పత్తికుప్ప కిందికి దూరబోయారు. పాపమ్మ వాళ్ళలో తన కూతురు దయామణిని ఆపి, కొంగున ముడేసుకున్న గుడ్డ తీసి ముక్కుకు కట్టింది. పిల్లకు తొమ్మిదేళ్ళు.

"వద్దమ్మా, మండుతుంది."

"పత్తి నుసి లోపలికి పోకుండానే. ఉంచుకో. మీ నాయన ఎట్టా పోయాడో మర్చిపోయావా?"

గురవయ్య ఈ గోడౌనులోనే నుసి మింగి మింగి, నెత్తురు కక్కుకుని పోయాడు. చూడటానికైనా మిల్లునుంచి ఒక్కడు రాలేదు.

"ఏమే పాపమ్మా, నీ పిల్ల కిక్కురుమన్నదా, రేపట్నించి నువ్వీ గేటు తొక్కబోకు" అన్నాడు మేస్త్రీ.

"అనదయ్యా." ఆమె దయామణిని కుప్ప కిందికి తోసింది. పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "పిల్లలెవరూ లేరుగా?"

"ఇదేమన్నా బడా సార్, పిల్లలుండటానికి?"

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. కుప్ప చుట్టూ తిరిగాడు. అతను గుమ్మందాకా వెళ్ళాడు. మేస్త్రీ ఊపిరి వదిలాడు.

కుప్ప తుమ్మింది.

మళ్ళీ తుమ్మింది. ఆపకుండా తుమ్మింది. ఇన్‌స్పెక్టరు వెనక్కి వచ్చి రెండు చేతులా పత్తి లాగాడు. నలుగురూ బయటపడ్డారు.

"ఇకమీదట వీళ్ళు గేటు లోపల కనపడితే మీ యజమాని కోర్టులో కనపడతాడు" అన్నాడు.

జీపు వెళ్ళగానే మేస్త్రీ పాపమ్మను గేటు బయటికి గెంటాడు. "నీ పిల్ల కొంప ముంచింది గదే!"

ఆమె అందరి ముందూ దయామణి వీపున ఒక్కటి వేసింది.

దారిలో పిల్ల వెక్కుతూ, "నేను కావాలని తుమ్మలేదమ్మా" అంది.

"నాకు తెలుసులే."

బావి దగ్గర పాపమ్మ ఆగింది. వెనక్కి చూసింది. ఎవరూ లేరు.

రొంటిలోంచి మేస్త్రీ పొడుం డబ్బా తీసి బావిలోకి విసిరింది.