పాత బడిలో పచ్చి అలుకు

పాత బడి కూలిపోయేలా ఉందని సంతకం పెట్టింది బడి కమిటీ చైర్మన్ ముత్యమే. అక్కడ కట్టే కాంప్లెక్సులో అతనికో దుకాణం షట్టర్ ఇస్తామన్నారు. లంచమే, వేరే పేరెందుకు?

చీకటి పడ్డాక జేసీబీ వచ్చింది. డ్రైవర్ నాగరాజు గోడను అరచేత్తో చరిచి నవ్వాడు.

"గిది పడిపోతదన్నదెవడే చైర్మన్ సాబ్? వాని ఇల్లన్న గింత గట్టిగుంటదా?"

"పొద్దుగాల కూలగొట్టు. ముచ్చట్లెందుకు?"

కిటికీలోంచి మేకలేమైనా దూరాయేమోనని ముత్యం తుప్పుపట్టిన తాళం తీసి లోపలికి పోయాడు. టార్చి వెలుగులో మట్టినేల తడిగా మెరిసింది. పచ్చి పేడ వాసన.

బడి నడిచిన రోజుల్లో పిల్లల తల్లులే వంతులేసుకొని ఆ నేల అలికేవారు. వాళ్లలో ఇప్పుడెవరూ బతికి లేరు, అతన్ని కన్న అవ్వతో సహా. అయినా అలుకులో వేళ్ల వంపులు ఇంకా ఆరలేదు.

పక్క గదిలో బకెట్ జరిగింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత దగ్గు. అవ్వ దగ్గే.

"ఎవలు బిడ్డా? జర ఆగు, ఆరలే. పొద్దుగాల పిలగాండ్లు కూసోవాలె."

ముత్యం చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. తన మొహం కనబడకుండా టార్చి ఆర్పేశాడు.

నేలను అలుకుతున్న చప్పుడు గడప దాటి అతని వైపు వస్తోంది.