మంచుదీవి తగువు

గంగాభవాని మొగుడు బంగారురాజుకి లమ్మడా పేటలోని సొంత ఫ్లాటులో నీళ్ల మోటారు ఆగిపోయి మూడు రోజులైనా పట్టదు గానీ, అమెరికాకీ యూరప్ దేశాలకీ చెడిందంటే మాత్రం అన్నం సహించదు.

"ఆ యూరపోళ్ల మంచుదీవి అమెరికాకి కావాలని జట్టు దేశాలు కొట్టుకోడమేటి?" అని ఫోనులో వార్తలు చూస్తూ కంచం పక్కకి నెట్టాడు.

"పోనీ నువ్వే ఎల్లి రాజీ సెయ్యి మావా. వచ్చేటప్పుడు మోటారు మేస్త్రీని పిలుసుకురా."

అతను నవ్వలేదు. "ఆళ్లు ఒక్కమాట మీదుండాలే! లేకపోతే ఎవులొస్తారు?"

"మనింటికి ఎవులు రావాలేటి?"

అతని చూపు గోడ మీదికి వెళ్లింది. ఐదేళ్ల కిందట, దేశాన్ని చేజిక్కించుకున్న సైన్యానికి వ్యతిరేకంగా ఊరేగింపుకెళ్లి తిరిగిరాని కొడుకు హరి ఫొటో అది. దానికి గంగాభవాని ఇప్పటికీ దండ వెయ్యనివ్వలేదు.

"ఆవేళ ఎల్లేముందు నన్నడిగాడు. 'కాల్పులు జరిగితేనో నాన్నా?' అని."

ఆమె గరిటె కింద పెట్టింది. హరి ఎవరికీ చెప్పకుండా పోయాడనే ఇన్నాళ్లూ అనుకుంది. ఆ మాట చెప్పినవాడూ మొగుడే.

"నువ్వేటన్నావు?"

"'ఆ దేశాలన్నీ ఒక్కటై ఉన్నాయిరా, మిమ్మల్ని సావనిస్తాయేటి, ఎల్లు' అన్నాను." అతను ఫోను బోర్లా పెట్టాడు. "ఆడు నా మాట నమ్మే ఎల్లాడు. నాదే తప్పు, భవానీ."