రెండు వ్యాన్ల కోతులు

నర్మెట్టలో సారంగపాణి ఇంట్లోకి కోతులు చొరబడి అతని భార్య చెయ్యి కొరికాయి. మరునాడే అతను మనుషుల్ని పెట్టి వాటిని పట్టించి, బోనుల్లో వేసి, వ్యానులో కొత్తగూడ అడవికి బయలుదేరాడు.

మహబూబాబాద్‌లో టీ కొట్టు దగ్గర ఆగితే పక్కనే ఇంకో వ్యాను కనిపించింది. అందులోనూ కోతులే. చువ్వల మధ్య నుంచి ఒక పిల్లకోతి చెయ్యి చాచి అతని చొక్కా పట్టుకుంది.

"యాడికి తీస్కపోతున్నవ్ తమ్మీ?" అని ఆ వ్యాను తెచ్చిన మనిషిని అడిగాడు.

"నర్మెట్టకు, అన్నా. ఆడ గుట్ట మీద సీతాఫలాలు మస్తుంటయట. పాపం, కడుపునిండ తిని బతుకుతయ్. నా పేరు మాజిద్, మాది కొత్తగూడ. మా మక్కజొన్న చేను మొత్తం కరాబ్ చేసినయ్."

సారంగపాణి బిత్తరపోయాడు. "నేను మీ అడివికే తీస్కపోతున్న గదనే!"

"అడివి యాడిదన్నా? అది కొట్టేసే గదా మక్క ఏసింది. మీ గుట్ట లేదా?"

"కంకర మిషిను పెట్టిన. గుట్ట అయిపోయింది."

ఇద్దరూ తలలు దించుకున్నారు. పిల్లకోతి వైపు చూడటానికి సారంగపాణికి మొహం చెల్లలేదు.

మాజిద్ టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు. "భూపాలపల్లి దిక్కు ఇంకా అడివున్నదట అన్నా. గుట్టలు గూడ ఉన్నయట."

సారంగపాణి ముఖం వెలిగింది. దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"గుట్టలా? లీజుకు దొరుకుతయా?"

"పోయి చూద్దాం పా అన్నా. కింద జాగ సాపుగుంటే మక్క నేనేస్త."

రెండు వ్యాన్లూ భూపాలపల్లి దారి పట్టాయి.