కింది వరుసలోకి జారిన ‘క్’

“పిన్నీ, ఆ కార్డులన్నీ వెనక్కిచ్చెయ్. నీ కాళ్లు పట్టుకుంటా,” అన్నాడు ప్రెస్సులో అచ్చులు పేర్చే మరీనస్.

నెదర్లాండ్స్‌లోని జేలాండ్‌లో సముద్రపు కట్ట తెగి, పీటర్‌నెల్లా పిన్ని భర్త పోయి ఏడాది. ‘దైక్‌రాంప్‌లో మరణించిన లేన్‌డెర్ట్’ అని సంస్మరణ కార్డు వేయమంది. డచ్చిలో దైక్ అంటే కట్ట, రాంప్ అంటే ఘోరం. వరుసలో చోటు చాలక మరీనస్ ఆ మాటను విరిచాడు. ‘క్’ కాస్తా కింది వరుసలోకి జారి ‘దై-క్రాంప్’ అయి కూర్చుంది. అంటే, తొడ పట్టెయ్యడం.

“వరదలో పోయిన మనిషిని తొడ పట్టేసి పోయాడని వేశాను. ఊరు నవ్వుతుంది పిన్నీ. మళ్లీ వేసిస్తాను.”

“వద్దు.” ఆమె కార్డులను సంచిలోకి తోసేసింది. “ఆ రాత్రి నీళ్లొస్తుంటే నేను ముందే అటక ఎక్కేశాను. ఆయన నిచ్చెన దగ్గరే నిలబడి, ‘తొడ పట్టేసిందే, చెయ్యివ్వవే’ అన్నాడు. ‘నీకెప్పుడూ ఇదే వంక, ఎక్కు’ అని కసిరాను.”

మరీనస్ చేతిలోని అచ్చక్షరాన్ని తిరిగి దాని గడిలో పెట్టేశాడు.

“ఏడాదిగా తప్పంతా కట్ట మీదికే నెట్టేశాన్రా. నిజం అచ్చేసింది నువ్వొక్కడివే.”