కొత్తగా వచ్చిన పాత విల్లు

అర్బాబ్ పెట్టె తెరిచి విల్లును బయటికి తీశాడు. అందుకోవడానికి లింబాద్రి రెండు చేతులూ చాచాడు.

విల్లు అతని చేతుల్లోకి రాలేదు. పక్కనే గడ్డిమోపు దించుతున్న పెద్దులు చేతుల్లోకి పోయింది.

"పెద్దులూ, నువ్వు లాగు," అన్నాడు అర్బాబ్ హిందీలో.

చాచిన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక లింబాద్రి వాటితో తల గోక్కున్నాడు.

మస్కట్ దాటి వెళ్తే వచ్చే సహం అనే ఊళ్లోని ఆ తోటకు ఆయనే యజమాని; అక్కడ పనివాళ్లు యజమానిని అర్బాబ్ అంటారు. ఆయనకు పాత విళ్ల పిచ్చి. అరవై డెబ్బై ఏళ్ల కిందట ఒక్కో వేటగాడు తన చేతి కొలతకు చేయించుకున్న విళ్లు అవి. చేయించుకున్నవాడి పేరు కూడా వాటి మీద రాసి ఉంటుంది. ఎక్కడెక్కడి నుంచో వాటిని తెప్పించుకుని, ఏడాదికోసారి ఆఫ్రికా వెళ్లి వాటితోనే వేటాడి వస్తాడు. మిగతా ఏడాదంతా శుక్రవారం సెలవునాడు తోటలో గడ్డిబొమ్మలే ఆయనకు జంతువులు.

జగిత్యాల నుంచి వచ్చిన లింబాద్రి ఆరేళ్లుగా ఆ విళ్లను కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. నూనె రాస్తాడు, నారికి మైనం పట్టిస్తాడు, ఆట అయిపోగానే నారి విప్పి బల్ల మీద పడుకోబెడతాడు. కొత్తగా వచ్చిన విల్లును మొదట నిండా లాగేది మాత్రం అర్బాబే. ఆ భాగ్యం ఏదో ఒకనాడు తనకు దక్కుతుందని లింబాద్రి ఆశ.

తీరా అది దక్కింది ఎవరికి? మేకలు కాయడానికి వచ్చి మూడు నెలలు కూడా కాని పెద్దులుకు.

"నీకు గిది వస్తదా అన్నా?" లింబాద్రి గొంతులో విషం దాగలేదు.

"చిన్నప్పుడు అడివిల కుందేళ్లను గొట్టెటోన్ని తమ్మీ. నువ్వు పోయి చాయ్ పెట్టుకరాపో."

తాను చాయ్ పెట్టాలి, వీడు విల్లు లాగాలి. లింబాద్రికి ఒళ్లు మండిపోయింది. పొయ్యి మీద చాయ్ పొంగిపోయినా చూసుకోలేదు.

నెల తిరిగేసరికి మరో రెండు విళ్లు వచ్చాయి. రెండుసార్లూ పెద్దులే లాగాడు. రెండుసార్లూ "చాయ్ పెట్టుకరాపో" అని లింబాద్రిని వంటగదికి తరిమాడు. అర్బాబ్ పెద్దులు భుజం తట్టడం కిటికీలోంచి చూసిన రోజు లింబాద్రికి అన్నం సహించలేదు.

చివరికి ఒకరోజు అర్బాబ్ లింబాద్రికి ఒంటరిగా దొరికాడు.

"చెప్పొద్దనుకున్న అర్బాబ్. పెద్దులు మన విల్లు తీస్కపోయి కొండ దిక్కు జింకను గొట్టిండు."

అర్బాబ్ ముఖం పాలిపోయింది. జింక జోలికి పోతే జైలే. విల్లు ఎవరిదని కూడా అడుగుతారు.

"నువ్వు చూశావా?"

"కండ్లార చూసిన."

పెద్దులును ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగో రోజున పాస్‌పోర్ట్, టికెట్ చేతిలో పెట్టారు.

పికప్ ఎక్కే ముందు పెద్దులు లింబాద్రి దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, ఇగ కొత్తది వస్తే నిన్నే గుంజుమంటడు. ఒక్కసారే గుంజకు. జరంత జరంత గుంజు. మొఖం పక్కకు పెట్టు."

"ఆరేండ్లాయె నేను వీటిని చూడవట్టి. నువ్వు నాకు నేర్పుతవా?"

పెద్దులు పికప్ ఎక్కాడు. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పోతూ పోతూ కూడా పెద్దరికం చూపించాడని లింబాద్రి తిట్టుకున్నాడు.

మరుసటి శుక్రవారమే ఇంకో పెట్టె దిగింది. లింబాద్రి పొద్దున్నే తలస్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

ఈసారి విల్లు అతని చేతుల్లోకే వచ్చింది. నున్నగా, తేనె రంగులో మెరుస్తోంది. ఆరేళ్ల కోరిక తీరబోతుంటే అతనికి నవ్వు ఆగలేదు.

నారి బిగించి తలెత్తి చూస్తే అర్బాబ్ పక్కన లేడు. వెళ్లి నీళ్ల ట్యాంకు గోడ వెనక నిలబడ్డాడు.

"అంత దూరం పోయిన్రేంది అర్బాబ్?"

"పాత సరుకు కదా. లోపల చెక్క పొరల్ని పట్టి ఉంచే జిగురు చచ్చిందో బతికుందో పైకి తెలియదు. మొదటిసారి నిండా లాగినప్పుడే తెలుస్తుంది. మొన్నామధ్య మస్కట్‌లో ఒకాయన లాగితే విల్లు ముక్కలై ఆయన కన్ను పోయింది. అప్పటి నుంచి నన్ను లాగొద్దని మా ఆవిడ ఒట్టు వేయించుకుంది."

లింబాద్రి నవ్వు ఆగిపోయింది.

"మరి పెద్దులన్నకు గీ సంగతి ఎరుకేనా?"

"ఎందుకు తెలియదు? నువ్వు బజారుకు పోయిన రోజు అతనికే చెప్పాను, లింబాద్రితో లాగిస్తానని. అతనే అడ్డం పడ్డాడు. నీకు చిన్న పిల్లలట, నీ జోలికి రావద్దన్నాడు. తనకైతే వెనకా ముందూ ఎవరూ లేరట, ఏమైనా అడిగేవాళ్లు ఉండరట, తానే లాగుతానన్నాడు."

పెద్దులుకు ఊళ్లో ముత్తవ్వ అనే భార్య, ముగ్గురు ఆడపిల్లలు ఉన్న సంగతి, రూమ్‌లో పక్క మంచం మీద పడుకుని రోజూ వాళ్ల ఫోన్ మాటలు విన్న లింబాద్రికి తప్ప ఆ తోటలో ఎవరికీ తెలియదు.