వంతెన ఎక్కని వ్యాను

వంతెన మొదట్లో లాండ్రీ వ్యాను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

వెనకాల హోటల్ దుప్పట్ల మూటల మీద హాయిగా నిద్రపోతున్న బాక్సరమ్మాయికి మెలకువ వచ్చింది.

"ఏమైంది పిన్నీ?"

"బండి మొరాయించింది అమ్మడూ. కాస్త దిగి నెట్టు" అంది డ్రైవరు.

భారీ మనిషి. స్టీరింగుకీ సీటుకీ మధ్య ఆవిడ ఇరుక్కుని కూర్చున్న తీరు చూస్తే, బయటికి తియ్యాలంటే క్రేను పిలవాలేమో అనిపిస్తుంది.

"నువ్వూ దిగొచ్చుగా? బరువు తగ్గుతుంది."

"నేను దిగితే స్టీరింగు ఎవరు తిప్పుతారు?"

కాదనడానికి లేదు. అమ్మాయి సణుక్కుంటూ దిగి భుజం ఆనించింది.

నిజానికి ఆ వేళకి ఆమె పరిగెత్తుతూ ఉండాలి. ఇంటి దగ్గర్నుంచి వంతెన అవతల ఉన్న బాక్సింగ్ క్లబ్బు దాకా రోజూ పరుగు. కోచ్‌గారి ఆర్డరు అది.

కొట్టేది చేత్తో అయితే కాళ్ళనెందుకు హింసపెట్టడం అని అమ్మాయి వాదన. ఆమె ఎడమ చెయ్యి అలాంటిది మరి. అది ఎప్పుడు లేచిందో ఎదుటివాళ్ళకి తెలిసేది కాదు. కింద పడ్డాక తెలిసేది.

పొద్దున్నే అమ్మ దుప్పటి లాగేస్తే, అమ్మ చూస్తుంది కాబట్టి వీధి మలుపు దాకా పరిగెత్తేది. మలుపు తిరిగాక నడక. ఓ రోజు లాండ్రీ వ్యాను పక్కన ఆగింది. "అటే వెళ్తున్నా, ఎక్కుతావా?" అని ఆవిడ పూర్తిగా అడక్కముందే ఎక్కేసింది. క్లబ్బు ముందు దిగి, కుళాయి కింద చొక్కా తడుపుకుని, రొప్పుతూ లోపలికెళ్ళింది. రొప్పడంలో కూడా ఆమెకి మంచి నేర్పుంది.

ఆ సుఖం వారం కూడా నిలవలేదు. వ్యానుకి రోగం పట్టింది. మొదట్లో వంతెన దగ్గరే ఆగేది. రోగం ముదిరి, చదునైన రోడ్డు మీద కూడా ఆగడం మొదలెట్టింది.

"బాగుచేయించొచ్చుగా పిన్నీ?"

"మెకానిక్కుకి చూపించాను. వ్యాయామం చాలదన్నాడు."

"బండికా?"

"మరి నాకా?"

కుళాయితో పని లేకుండా పోయింది. చొక్కా దానంతటదే తడిసేది. కోచ్ తేరిపార చూసి, "ఈమధ్య కాళ్ళు బాగా ఆడుతున్నాయి. పరుగు మానకు" అన్నాడు.

"అస్సలు మానను సార్."

ఊళ్ళో పోటీలన్నీ వరసగా గెలిచింది. మూడో రౌండుకి ఎదుటివాళ్ళు తాళ్ళు పట్టుకుని వేలాడుతుంటే, ఈమె ఇంకో రౌండుంటే బాగుండునన్నట్టు గంతులేసేది.

"చూశావా పిన్నీ, పరుగు లేకుండానే గెలిచాను. చెయ్యి గొప్పదైతే అంతే."

"నిజమే అమ్మడూ. దిగి నెట్టు."

పెద్ద ఫైనల్‌కి ఇంకా రెండు నెలలుందనగా పేపర్లో ఫోటో పడింది. దాంతో అమ్మాయికి నామోషీ వచ్చింది. ఫైనల్ ఆడబోయే మనిషి డొక్కు వ్యాను నెడుతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? పక్కింటి అన్నయ్య కొత్త స్కూటరు కొన్నాడు. అటువైపే ఆయన ఉద్యోగం.

"రేపట్నుంచి నేను రాను పిన్నీ. స్కూటరు దొరికింది. దారిలో ఆగదు."

ఆవిడ అద్దంలోంచి అమ్మాయిని చూసింది.

"ఫైనల్ అయ్యేదాకా నాతోనే రా."

"ఈలోగా బండి బాగుపడుతుందా?"

"ఆ మాట ఇవ్వలేను."

"మరింకెందుకు?"

"చెప్తే వినే రకం కాదులే నువ్వు" అని గేరు మార్చింది.

ఫైనల్లో మొదటి రౌండులో అవతలి పిల్ల పడింది. రెండో రౌండులోనూ పడింది. మూడో రౌండులో మాత్రం ఈమె కాళ్ళు తడి దుప్పట్లలా బరువెక్కాయి. ఎడమ చెయ్యి సిద్ధంగానే ఉంది, దాన్ని అవతలి పిల్ల దాకా మోసుకెళ్ళే నాథుడే లేడు. ఏ ప్రత్యేకతా లేని ఆ బక్క పిల్ల తీరిగ్గా చుట్టూ తిరుగుతూ కొట్టి, కప్పు పట్టుకుపోయింది.

మర్నాడు ఎవరూ లేపకుండానే అమ్మాయి వీధి మలుపుకి వచ్చి నిలబడింది. లాండ్రీ వ్యాను వచ్చింది. లోపల ఎవరో మీసాలాయన.

"పిన్ని ఏదీ?"

"పని మానేసిందమ్మా. కూతురు దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయింది."

"ఈ బండి దారిలో ఆగుతుంది, జాగ్రత్త."

ఆయన చిత్రంగా చూశాడు. "ఇదా? కొన్నప్పట్నుంచి దీనికి తుమ్ము కూడా రాలేదు."

అంటూనే కదిలించాడు. మూటలన్నీ మోసుకుంటూ వ్యాను వంతెన మీదికి సాఫీగా ఎక్కిపోయింది.

అమ్మాయి చూస్తూ నిలబడింది. తర్వాత దాని వెనకాలే పరుగందుకుంది.

క్లబ్బు చేరేసరికి నిజంగానే ఊపిరాడటం లేదు. కోచ్ బల్ల మీద కూర్చుని గ్లవ్స్ తుడుస్తున్నాడు.

"సార్, లాండ్రీ వ్యాను నడిపే ఆవిడ మీకు తెలుసా?"

"రోజూ నువ్వు దిగిన వ్యానేగా?"

అమ్మాయి తల దించుకుంది. "తెలిసీ ఎందుకూరుకున్నారు?"

"నువ్వు నెట్టడం కూడా చూశాను. అందుకే ఊరుకున్నాను."

"ఆవిడ ఎవరు సార్?"

కోచ్ చేతిలో గ్లవ్ పక్కన పెట్టాడు.

"నీ ఎడమ చెయ్యిలాంటిది నేను ఇంకొక్కరికే చూశాను. నాతోపాటు ఈ క్లబ్బులోనే నేర్చుకుంది, పొద్దున్నే పరుగంటే బద్ధకించి పాల వ్యాను ఎక్కి వచ్చేది, కానీ ఆ వ్యాను పాపం ఒక్కరోజు కూడా దారిలో ఆగలేదు."