ఇద్దరి దగ్గరా తాబేలుంటే

“పామును ముంగిస తిన్నదమ్మా. ముంగిసను పులి తిన్నది. మరి పాము ఎవరికి రావాలె?”

జెర్లిన్ తలెత్తి చూసింది.

ఎదుట నిలబడ్డ మనిషికి అరవైకి దగ్గర. నలిగిన చొక్కా, చేతిలో చిన్న నోట్‌బుక్. ముఖంలో మాత్రం బడిపిల్లాడి ఆత్రం.

“మూడు కార్డులూ పులి వేసినవాళ్లకే వస్తయి అంకుల్.”

“కడుపుల పడ్డ పాము గూడనా?”

“అది కూడా.”

ఆయన శ్రద్ధగా రాసుకుని, నమస్తే పెట్టి వెళ్లిపోయాడు.

నాంపల్లి సందులో, మేడ మీద ఉన్న ఆ ఒంటిగది ఆఫీసు నుంచే ‘అడవి రాజ్యం’ కార్డులాట బయటికొచ్చేది. పొట్లానికి అయిదు కార్డులు. ఏ జంతువు వస్తుందో కొన్నాక గానీ తెలియదు. పిల్లలు మార్చుకుంటూ, ఆడి గెలుచుకుంటూ పోగేసుకోవాలి. నియమాలన్నీ అగ్గిపెట్టెంత కాగితం మీద ఇరికించారు. అది చదివితే వచ్చిన ఆట కూడా మరిచిపోతాం. సందేహాలుంటే ఉత్తరం రాయమని కింద చిరునామా ఇచ్చారు. ఆ ఉత్తరాలకు జవాబులు రాయడమే జెర్లిన్ ఉద్యోగం.

మరుసటి శనివారం సాయంత్రం ఆయన మళ్లీ వచ్చాడు.

“కార్చిచ్చు కార్డేసి ఒకడు గెలిచినంక, ఇంకొకడు వాన కార్డేసిండనుకో. గెలిచినయి వాపస్ ఇయ్యాల్నా?”

“అక్కర్లేదు. కాలినవి కాలినట్టే.”

“గట్లనే ఉండాలె. ఆలస్యంగ వానొస్తే చెట్లు వాపసొస్తయా?” అని తెగ సంబరపడ్డాడు.

జెర్లిన్ ఉండబట్టలేక అడిగింది.

“ఎవరి కోసం అంకుల్ ఇవన్నీ? మనవళ్లకా?”

“నాకు పిల్లల్లేరమ్మా.”

పిల్లల్లేని పెద్దమనిషికి పాముల, ముంగిసల గొడవెందుకో ఆమెకు అంతుపట్టలేదు. మతి స్థిమితంగానే ఉందా అన్న అనుమానం కూడా వచ్చింది. ఆయన మాత్రం శనివారం తప్పకుండా వచ్చేవాడు.

ఈలోగా ఓ రోజు యజమాని తాతారావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఆట ఎక్కడా కదలట్లేదమ్మాయ్. కోఠీలో లేదు, హిమాయత్‌నగర్‌లో లేదు. ఆబిడ్స్‌లో ఒక బడి ముందు కొట్లో మాత్రం తెగ పోతోంది. అక్కడే ఎందుకంటావ్?”

“తెలీదు సార్.”

“మార్చి దాకా చూస్తా. అక్కడా పడిపోయిందా, దీన్ని మూసేసి పెళ్లిపత్రికలు అచ్చేసుకుంటా.”

పెళ్లిపత్రికల మీద సందేహాలు రాసేవాళ్లుండరు. ఆటతో పాటు తన ఉద్యోగమూ పోతుంది. ఇంట్లో సంపాదించేది తనొక్కతే కావడంతో జెర్లిన్‌కు బెంగ పట్టుకుంది.

అది తొంభై ఎనిమిది జనవరి ముప్ఫై ఒకటి, శనివారం. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కొచ్చిన జనంతో సందంతా కిటకిటలాడుతోంది. ఆ జనాన్ని తోసుకుని ఆయన రొప్పుతూ వచ్చాడు.

“ఇయ్యాల అడిగేటియి జర ఎక్కువున్నయమ్మా. తాబేలున్నోడు ఆఖరుకు ఆడాలంటరు గదా. ఇద్దరి దగ్గరా తాబేలుంటే ముందుగాల ఎవరాడాలె?”

జెర్లిన్ నియమాల కాగితం అటూ ఇటూ తిప్పింది. అందులో లేదు. ఆ చిక్కు తనకే ఎన్నడూ తట్టలేదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ సిగ్గే కోపమైంది.

“మీకు వేరే పనీపాటా లేదా అంకుల్? ఈ వయసులో ఈ కార్డుల పిచ్చేంది? ఇగ రాకండి.”

ఆయన నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకున్నాడు.

“ఫికర్ చేయకు బిడ్డా. పనిల ఉన్నట్టున్నవు,” అని మెట్లు దిగిపోయాడు.

మళ్లీ రాలేదు.

ఫిబ్రవరి నెల సగానికి, ఆబిడ్స్ కొట్టు కూడా పొట్లాలు వద్దంది. సంగతేమిటో కనుక్కు రమ్మని తాతారావు జెర్లిన్‌ను పంపాడు.

బడి వదిలారు. గేటు దగ్గర నర్మద అనే పిల్ల బస్సు కోసం నిలబడి ఉంది.

“అడవి రాజ్యం ఎందుకు ఆడట్లేదమ్మా?”

“ఎట్ల ఆడాలె? ఇద్దరికీ తాబేలొస్తే ఆట ఆగిపోతున్నది. కొట్లాటలయితున్నయి. టీచర్ కార్డులు గుంజుకుంటున్నది.”

“కంపెనీకి రాయొచ్చు కదా?”

“మస్తుసార్లు రాసినం. ఒక్క జవాబు రాలే.”

“మీ అడ్రస్ రాసిన్రా?”

“ఔ. నర్మద, ఫిఫ్త్ బీ.”

జెర్లిన్‌కు ఆ ఉత్తరాలు గుర్తొచ్చాయి. చిరునామా లేదని అలాంటి ఉత్తరాలెన్నింటినో చదవకుండానే పక్కన పడేసింది.

“మరి ఇన్ని రోజులు ఎట్ల ఆడిన్రు?”

“తాత చెప్తుండె. జవాబు రాలేదని మేం ఏడుస్తుంటే, నేనే పోయి అడిగొస్త అన్నడు. శనివారం అడిగి సోమవారం చెప్తుండె.”

“ఏ తాత?”

నర్మద గేటు పక్కనున్న ఎర్రటి పోస్టు డబ్బా వైపు వేలు చూపించింది.

అక్కడ తాళం తీస్తున్న కొత్త పోస్ట్‌మ్యాన్ ఇటు తిరిగాడు.

“బాలకిషన్ సాబ్ గురించా మేడం? రిటైరయి సొంతూరికి పోయిండు. జనవరి ఆఖరి శనివారం సాయంత్రం సన్మానం చేద్దామని దండలు పట్టుకొని అందరం కూసున్నం గని, పిల్లలకు జవాబు తేవాలె, ఆలస్యమైతే ఆఫీసు మూస్తరని ఆయన నాంపల్లికి ఉరికిండు.”